చింతపండు పెట్టె

పన్నెండు పెట్టెలు. అన్నీ ఇత్తడివి.
సేలంలో ముక్కుపుడకలు చేసే కంసాలి ఒకాయన
ఏడాదికొకటి చొప్పున చేసి పంపినవి.
మా ఆయన బోనస్ ఎటు పోయేదో
పెరంబూరులో అందరికీ తెలుసు, నాకు తప్ప.
తెలిశాక అడగడం మానేశాను.

పగలంతా కోచ్ ఫ్యాక్టరీలో
నిజం పెట్టెలకు రంగు కొట్టే మనిషి.
ఇంటికొచ్చి, స్నానం చేసి, మళ్లీ పెట్టెలే.

మేడమీద గదిలో, బల్ల ఎత్తున పట్టాలు.
గోడ చుట్టూ తిరిగి, బీరువా వెనక సొరంగంలో దూరి
ఇస్త్రీబట్టల పక్కనుంచి బయటికొస్తాయి.
గసగసాలకన్నా సన్నం రివెట్లు,
నా తలవెంట్రుకంత తలుపు పిడి,
లోపల చెక్క బెంచీలు, పై బెర్తులు,
గొలుసు లాగే చోట ఒక ఎర్ర చుక్క.
మనుషులు మాత్రం లేరు.
"ఒక్కరినైనా కూచోబెట్టరాదా?" అంటే
"మనిషి బొమ్మ పెడితే ఇది బొమ్మరైలు అయిపోతుంది, కనకవల్లీ" అన్నారు.
ఆ మాట నాకు ఎక్కడానికి ఆరేళ్లు పట్టింది.

ఆదివారం సాయంత్రం కరెంటుంటే రైలుంటుంది.
ముందు పట్టాలన్నీ గుడ్డతో తుడవాలి,
సముద్రగాలి రాత్రికి రాత్రే ఉప్పు రాసిపోతుంది.
నాబ్ తిప్పుతారు, గోరంత.
కదలదు. కదలదు. ఆపైన కదులుతుంది.
పాసింజరు కదా, తొందరేముంది.
ప్లాస్టిక్ రైళ్లలా గలగలమనదు,
పక్కింట్లో ఎవరో రుబ్బురోలు తిప్పుతున్నట్టు
బరువుగా, నిద్రమత్తుగా.
ఆయన గడ్డం బల్ల అంచుకు ఆనించి చూస్తారు.
అప్పుడు పేరు పెట్టి పిలిచినా పలకరు.

నేను చేసిన పని చెప్పాలి.
ఆ గురువారం కుందులు, గంట, హారతిపళ్లెం తోముతున్నాను.
ఏడో పెట్టె మేడమెట్ల మీదుంది, చక్రాలు ఊడదీసి.
మెరూన్ రంగు అంచుల్లో పొక్కి
లోపలి ఇత్తడి తొంగి చూస్తోంది.
ఇత్తడే కదా, అనుకున్నాను.
నానిన చింతపండు, చిటికెడు ఉప్పు, కొబ్బరిపీచు.
రంగు పొరలు పొరలుగా లేచొచ్చింది.
పసుపు గీత పోయింది. నంబరు పోయింది,
నాలుగే అంకెలు, మూడు వెంట్రుకల కుంచెతో
ఊపిరి బిగబట్టి ఆయన రాసినవి.
కుందుల పక్కన బోర్లించాను.
వాటికన్నా ఇదే మెరిసింది.
సంతోషించాను కూడా.

ఆయన వచ్చారు. చూశారు. అన్నం తిన్నారు.
తిట్టినా బాగుండేది.
నాలుగోరోజు పైన రైలు చప్పుడు.
వెళ్లి చూస్తే మెరూన్ వరస నడుమ
ఏడోది, ఒంటిమీద నూలుపోగు లేకుండా.
పడమటి కిటికీ దాటినప్పుడల్లా
గోడంతా ఒక వెలుగు పాకి పోతోంది.

మొన్న బెంగుళూరు నుంచి పూర్ణయ్యగారొచ్చారు,
మల్లేశ్వరంలో రెండు గదుల నిండా రైళ్లేనట.
తెల్ల చేతొడుగులు తొడుక్కుని
ఒక్కో పెట్టె బోర్లించి చూశారు, పసిపిల్లల్ని చూసే డాక్టరులా.
ధర చెప్పారు.
మా ఇంటిమీద ఇంకో అంతస్తు లేచే ధర.
"ఆ ఏడోదానికి మళ్లీ రంగు వేయించండి,
లేదంటే అదొక్కటీ మీరే ఉంచేసుకోండి."
"రంగు వెయ్యను. విడదీసి ఇవ్వను."
అంతే అన్నారు మా ఆయన.
కాఫీ గ్లాసులతో నేను గుమ్మంలోనే ఉన్నాను.
అది ప్రేమో, నాకు వేసిన శిక్షో
ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఆయన లేనప్పుడు భూతద్దం పట్టి చూశాను.
మూడో కిటికీ దగ్గర, బెంచీ మీద
చింతపండు పీచు ఒకటి చిక్కుకుని ఎండిపోయి ఉంది.
ఆయన కంట పడకుండా ఉండదు.
పట్టకారుతో తియ్యడం అరక్షణం పని.
తియ్యలేదు.

ఈ ఆదివారం గడ్డం బల్లకి ఆనించి నేనూ చూశాను.
బీరువా వెనక చీకట్లోకి పోతోంది రైలు,
కమ్మీల పక్కన అదొక్కతే,
టికెట్టు లేకుండా.